ఎదురు పురి

జగ్గమ్మకు అరవై రెండేళ్లు. కళ్లకు మసక కమ్మింది గానీ వేళ్లకు ఇంకా కమ్మలేదు. పొందూరుకి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో నూలు వడికే ఆడవాళ్లు నలభై మంది దాకా ఉన్నారు. శనివారం వచ్చిందంటే వడికిన నూలు చిలపలుగా చుట్టి, సంచుల్లో పెట్టుకుని ఖాదీ సంఘం వరండాకి వస్తారు. జగ్గమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని, ఒక్కో చిలపలోంచి ఒక్కో పోగు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ముందుకు దొర్లిస్తుంది. నూలు చూడటం అంటే అదే.

"ఇది నీది కాదే, నీ కోడలిది. నీ నూలైతే ఇంత ఒద్దికేటి?" అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమని నవ్వుతారు. అత్తగారు మూతి ముడుచుకుంటుంది. అంతే, అక్కడితో సరి. సంఘం ఇచ్చే లెక్కల పుస్తకం ఎవరి పేరున ఉంటే నూలు వాళ్లదే. ఇంటి నూలు ఇంటిదే, ఎవరి చెయ్యి వడికిందో సంఘం అడగదు. మొదట్నించీ అదే ఆనవాయితీ.

మనిషి పేరు మర్చిపోవచ్చు గానీ మనిషి నూలు మాత్రం జగ్గమ్మ మర్చిపోదు. అలాంటి జగ్గమ్మ, తన వేళ్లకు తెలిసిన ఒక నిజాన్ని ఎనిమిది నెలల పాటు నోట్లోనే దాచుకుని కూర్చుంది. చేతకాక కాదు, తెలివి లేకా కాదు. ఎందుకో వింటే మీకు కోపం రావచ్చు. రావాల్సిందే.

హైమ అనే పిల్లకు రాట్నం నేర్పింది జగ్గమ్మే. జగ్గమ్మకు ప్రాణస్నేహితురాలు బుల్లమ్మ కూతురు. పదేళ్లప్పుడు తల్లి పక్కన కూర్చుని మొదటి దూది ఏకు పట్టుకుంది. అందరూ కుడిచేత్తో చక్రం తిప్పి ఎడమచేత్తో పోగు లాగుతారు. హైమది పుర్రచేతి వాటం. రాట్నాన్ని అటునుంచి ఇటు తిప్పి పెట్టుకుని, ఎడమచేత్తో చక్రం తిప్పి కుడిచేత్తో పోగు లాగేది. అలా వడికితే పురి ఎదురు పడుతుంది. జగ్గమ్మ వేళ్ల మధ్య దొర్లిస్తే అందరి నూలూ బిగుసుకుంటుంది, హైమది విడిపోతుంది.

జగ్గమ్మ తిట్టింది, మెటికల మీద కొట్టింది, పుర్రచేతికి గుడ్డ కట్టి కూడా చూసింది. పదిహేను రోజులకు విసుగొచ్చి వదిలేసింది. నేతగాళ్లు గొణిగేవారు. మగ్గం మీద నిలువు పోగుల పడుగులో ఆ నూలు కలిస్తే బట్ట మీద గీత కనబడుతుందని, దాన్ని విడిగా పెట్టమనేవారు. విడిగానే పెట్టేవారు. కానీ సన్నదనంలో ఆ పిల్ల ముందు తల్లి కూడా దిగదుడుపే.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు బుల్లమ్మ పోయింది. మగదిక్కు ఎప్పుడో పోయింది. హైమకు అప్పటికి పదహారేళ్లు. పెద్దకర్మ నాడు వీధివీధంతా గుమిగూడి, ఈ పిల్ల గతేమిటని తలలు పట్టుకుంటే, సావుకారి భార్య పద్మకుమారి ముందుకొచ్చింది. సావుకారు రంగనాథానికి కింద కిరాణా కొట్టు, పైన మేడ. సాలూరులో రెండు లారీలు తిరుగుతున్నాయి.

"నాకు ఆడపిల్లల్లేరు. మా ఇంటి పిల్లలాగే పెరుగుతాది," అంది పద్మకుమారి.

ఊరి కళ్లు చెమర్చాయి. అలాంటి అమ్మ నోటి మాటకు మించిన కాగితమేముంటుంది? పెద్దదిక్కుగా జగ్గమ్మే హైమ చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా పద్మకుమారి చేతిలో పెట్టింది. పిల్ల చెయ్యి చల్లగా ఉంది. వెనక్కి లాక్కోబోయింది కూడా. జగ్గమ్మ కాస్త గట్టిగానే పట్టుకుని పెట్టింది.

ఆ నెలలోనే జగ్గమ్మ కొడుకు ధర్మేంద్రకు రంగనాథం లారీ మీద డ్రైవరు పని దొరికింది. దాన్ని ఎవరూ లంచమనలేదు. జగ్గమ్మా అనుకోలేదు. మంచి చేస్తే మంచి జరుగుతుందనుకుంది.

ఒక ఏడాది హైమ కనబడుతూనే ఉండేది. తెల్లారకుండా వాకిలి ఊడ్చేది, కొట్టు ముందు బస్తాలు సర్దేది. కాలేజీ మానేసిందేమిటంటే, "ఇంట్లోనే చదువుకుంటన్నాది," అనేది పద్మకుమారి. పలకరిస్తే హైమ తల వంచుకుని, "పిన్ని పిలుస్తన్నాది," అని వెళ్లిపోయేది. పిన్ని అంటోంది కదా, ఇంట్లో కలిసిపోయిందని వీధి సంబరపడింది. ఆ తర్వాత పిల్ల కనబడటం మానేసింది.

"రాయగడ అవతల మా సుట్టాల ఊళ్లో సంబంధం కుదిరింది. ముహూర్తం దగ్గర్లో ఉంటే అక్కడే సేసేశాం," అంది పద్మకుమారి.

ఇక్కడే ఊరు చేసిన తప్పు ఉంది. మరో ఊరైతే పెళ్లికొడుకెవడు, ఏ ఊరు, ఏం చేస్తాడు అని అడిగేవారేమో. ఈ ఊరు అలిగింది. ఇంటింటికీ వచ్చి బొట్టు పెట్టి పిలవలేదట! కనీసం తిరిగొచ్చాకైనా నాలుగు లడ్లు పంచలేదట! పిలవని పెళ్లి గురించి అడిగితే మనమే చులకనైపోమూ? అందరికంటే ఎక్కువ అలిగింది జగ్గమ్మ. "సెయ్యి సేతిలో పెట్టినదాన్ని నాను. నన్నే పిలవలేదు సూడు," అని కనబడిన ప్రతివాళ్ల దగ్గరా వాపోయింది. ఎవరైనా హైమ పేరెత్తితే మొహం తిప్పుకునేది. ఆ మేడ ముందునుంచి రోజుకు రెండుసార్లు నడిచేది, తలెత్తేది కాదు. పైన ఒక కిటికీకి రేకు కొట్టి ఉంది. కోతుల కోసమనుకుంది. ఊళ్లో కోతుల బెడద ఉన్న మాట నిజమే.

పోయిన వేసవిలో పద్మకుమారి సంఘంలో తన పేరున పుస్తకం తీసుకుంది. సావుకారమ్మ రాట్నం పట్టిందని ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. ఆమెకు డబ్బుకేం లోటు? పేరు కావాలి. శ్రీకాకుళంలో ఎగ్జిబిషన్ పెడితే ఆమె చిలపను అద్దాల పెట్టెలో పెట్టారు, శాలువా కప్పారు, పేపర్లో ఫొటో వేశారు.

మొదటి శనివారం ఆమె చిలపలోంచి పోగు లాగి దొర్లించగానే జగ్గమ్మ వేళ్లు ఆగిపోయాయి. పోగు విడిపోయింది. మళ్లీ దొర్లించింది. మళ్లీ విడిపోయింది.

"హైమ ఎల్లే ముందు నేర్పింది," అంది పద్మకుమారి, అడగకుండానే.

"అలాగా," అంది జగ్గమ్మ.

చెవిలో పువ్వు పెడుతున్నారని తెలిసీ చెవి వంచి ఇచ్చింది. పుర్రచేతి వాటం నేర్పితే వచ్చేదా? పద్మకుమారి పుస్తకంలో సంతకం పెట్టేది కుడిచేత్తో. బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసేదీ కుడిచేత్తోనే. ప్రతి శనివారం జగ్గమ్మ ఆ చెయ్యి చూసేది, ఆ నూలు చూసేది, "బాగుందమ్మా," అనేది. ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటే ముద్ద దిగేది కాదు. రాట్నం ముందు కూర్చుంటే పోగు తెగేది. నలభై ఏళ్లలో అంతగా ఎప్పుడూ తెగలేదు. 'హైమ అక్కడ సుఖంగా కాపురం చేసుకుంటోంది, నా పాడు అనుమానాలు నావి,' అని తనకు తనే చెప్పుకునేది. చెప్పుకున్నకొద్దీ అబద్ధం బరువెక్కేది.

సంక్రాంతి వెళ్లిన పదిరోజులకు నేతగాళ్లు వచ్చి గొడవ పెట్టారు. ఎదురు పురి నూలు పడుగులో కలిసిపోయి బట్టంతా గీతలు పడ్డాయన్నారు. ఆ మాట పద్మకుమారికి చెప్పే పని జగ్గమ్మ మీద పడింది. పొద్దున్న పది గంటలవేళ మేడకి వెళ్లింది. కింద హాల్లో పద్మకుమారి పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"కోపగించుకోకు సావుకారమ్మా. నీ నూలు ఎదురు పురి వస్తన్నాది. నువ్వేమో కుడిసేతి మనిషివి. అదెలా వస్తాదో నాకు బోధపడటం నేదు," అంది జగ్గమ్మ.

"సెప్పాను కదా, హైమ అలాగే నేర్పింది."

"నేర్పితే మాత్రం సెయ్యి మారిపోద్దేటమ్మా?"

పద్మకుమారి జవాబు చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే పైనుంచి రాట్నం రొద మొదలైంది. ముందొక కుదుపు, తర్వాత సన్నగా, ఒకే తీరున, ఆగకుండా. ఇంట్లో వడికే మనిషి ఎవరని ఊరు చెప్పుకుంటోందో ఆ మనిషి ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని ఎదురుగా కూర్చుని ఉంది. పైన చక్రం తిరుగుతూనే ఉంది. ఇద్దరూ విన్నారు. విన్నామని ఇద్దరికీ తెలిసింది.

"ఏయ్!" అని పద్మకుమారి తలెత్తకుండానే ఒక్క కేక వేసింది. రొద తెగిపోయింది.

ఆమె లేచి లోపలికి వెళ్లి గ్లాసుడు మజ్జిగ తెచ్చి జగ్గమ్మ చేతికిచ్చింది. పక్కనే కూర్చుంది. గొంతు తేనెలాగే ఉంది.

"ధర్మేంద్ర ఈ ట్రిప్పు రాయపూర్ ఎల్లాడు కదా జగ్గమ్మా. సావుకారు కొత్త బండి తీస్తన్నారు. దాని మీద మీవాణ్నే పెట్టాలని నానే సెప్పాను. మన ఇంటి మనుషుల్ని మనం సూసుకోకపోతే ఇంకెవరు సూస్తారు? ఇంటి మాట గడప దాటకపోతే అందరికీ సుఖం. తాగు, తాగు."

జగ్గమ్మ తాగింది. గ్లాసు ఖాళీ చేసి, కింద పెట్టి, వస్తానని చెప్పి వచ్చేసింది. వచ్చాక వాకిట్లో నిలబడి తలెత్తి ఆ రేకు కిటికీని చూసింది. కోతులు దూరకుండా అయితే ఇనప జల్లెడ కొడితే చాలు. ఇది లోపలికి వెలుతురు కూడా దూరకుండా మూలమూలలా మేకులు దిగ్గొట్టి ఉంది. ఇన్నాళ్లూ ఈ కళ్లు ఏం చూశాయో! ఆ మజ్జిగ తాగినందుకు జగ్గమ్మ ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది.

మధ్యాహ్నం కొడుకుకి ఫోన్ చేసింది. ధర్మేంద్ర అప్పుడే రాయపూర్ నుంచి తిరిగొచ్చి సాలూరులో లోడు దించుకుంటున్నాడు. భయపడుతూ భయపడుతూ సంగతి చెప్పింది. అవతలినుంచి లారీల హారన్లు వినబడ్డాయి.

"నాకు తెల్సమ్మా," అన్నాడు చివరికి.

"తెల్సా? ఏటి తెల్సురా?"

"పోయినేడు బియ్యం బస్తా పైకి మోసుకెల్లమన్నారు. గదికి బైటినించి గెడ పెట్టున్నాది. గెడ తీసినాను. లోపల హైమ రాట్నం ముందు కూకున్నాది. నన్ను సూసింది, మాటాడలేదు. బస్తా దించి, మల్లీ గెడ పెట్టీసి వచ్చీసినాను."

"మల్లీ గెడెందుకు పెట్టావురా నాయనా?"

"పెట్టమన్నారు," అన్నాడు ధర్మేంద్ర. "ఇద్దరు పిల్లలమ్మా నాకు. ఈ బండి పోతే ఇంకో బండి ఎవడిస్తాడు? నువ్వు ఊరుకో. ఊరుకుందాం."

ఊరుకుంది. నాలుగు రోజులు పొయ్యి సరిగ్గా వెలిగించలేదు. వీధిలోకి రాలేదు. తలుపు దగ్గరకు వేసుకుని లోపల కూర్చుంటే తన ఇంటికి కూడా ఎవరో బయటినుంచి గెడ పెట్టినట్టే ఉంది. పెట్టిందెవరో తెలుసు. తనే.

శనివారం వచ్చింది. పద్మకుమారి అందరికంటే ముందొచ్చి, చిలప జగ్గమ్మ ఒళ్లో పెట్టి, వరండా అంతా వినబడేలా, "ఇప్పుడు పురి సరిగ్గా వచ్చింది కదా జగ్గమ్మా, సూడు!" అంది.

జగ్గమ్మ పోగు లాగి దొర్లించింది. బిగిసింది. అందరి నూలులాగే బిగిసింది. కానీ అది మొదటిసారి రాట్నం ముందు కూర్చున్న పిల్ల వడికినట్టుంది. ఒకచోట లావు, ఒకచోట వెంట్రుక. బారెడుకో తెగు, తెగినచోటల్లా ముడి. ముడుల దగ్గర గోధుమరంగు చుక్కలు. వేలితో గీకితే పోలేదు. నూలు చూసే మనిషికి నూనె మరకేదో, నెత్తురు మరకేదో ఒకరు చెప్పాలా?

అర్థమైపోయింది. 'అదెలా వస్తాదో బోధపడటం నేదు' అని తాను అన్న ఒక్క మాటకు, ఆ పిల్ల పుర్రచేతిని ఏదో చేశారు. ఆ నెత్తురు తన నోటి మాట మీద ఉంది.

"సరిగ్గా వచ్చిందమ్మా," అంది జగ్గమ్మ. ఈసారి అబద్ధం భయపడి చెప్పలేదు. పద్మకుమారి తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయేదాకా ఆగింది. చిలపను చీర కుచ్చిళ్లలో దోపుకుని, మిగతా ఆడవాళ్ల చిలపలు అక్కడే వదిలేసి, తిన్నగా గ్రామ సచివాలయానికి నడిచింది.

అక్కడ రేఖ అని మహిళా పోలీసు ఉంది. చీపురుపల్లి పిల్ల, పాతికేళ్లుంటాయి. ఏదో పెన్షన్ గొడవనుకుని, "కూర్చో మామ్మా, ఆధార్ తెచ్చావా?" అంది. జగ్గమ్మ కూర్చోలేదు. చిలప బల్ల మీద పెట్టి, ఉన్నదంతా కక్కేసింది. చెప్పి, మళ్లీ తనే జంకింది.

"ఇంట్లో పని సేయించుకోవడం తప్పేటి, మా ఇంటి పిల్లే అంటారమ్మా ఆళ్లు. నాను పొరబాటు పడ్డానేమో."

"పని చెయ్యడం తప్పు కాదు మామ్మా. నాకు ఒక్కటి చెప్పు. ఆ అమ్మాయి వద్దనుకుంటే ఇప్పుడు లేచి బయటికి వచ్చెయ్యగలదా?"

"గెడ బైటున్నాది."

"ఫోన్ ఉందా? ఎవరితోనైనా మాట్లాడనిస్తారా?"

"ఊరికే పెళ్లయిపోయిందని సెప్పీసినారు తల్లీ. ఇంకెవరితో మాటాడుతాది?"

"మరింకేం కావాలి? దాన్నే వెట్టి అంటారు," అంది రేఖ.

వెట్టి అంటే జమీందార్ల కాలంలో, పొలాల్లో, కొరడాలతో అనుకుంది జగ్గమ్మ. పిన్ని అని పిలిచే ఇంట్లో, శాలువా కప్పించుకున్న మేడ మీద, తను చెయ్యి పట్టుకుని అప్పగించిన చోట వెట్టి ఉంటుందని ఆమెకెవరూ చెప్పలేదు.

రేఖ తలుపు దగ్గరకు వేసి వచ్చింది. "ఆ ఇంటివైపు వెళ్లకు. ఎవరితోనూ అనకు. వాళ్లకు అనుమానం తగిలిందంటే అమ్మాయిని నిజంగానే రాయగడ దాటించేస్తారు. నీ పేరు ఎవరికీ చెప్పం, భయపడకు," అని చెప్పి, జగ్గమ్మ ఎదుటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసింది. తర్వాత ఎస్సైకి, తర్వాత ఎమ్మార్వో ఆఫీసుకి చేసింది. ప్రతి ఫోన్లోనూ సావుకారి పేరు, మేడ గుర్తులు చెబుతుంటే జగ్గమ్మ బల్ల అంచు పట్టుకుని వింది. ఇక ఆ మాట వెనక్కి రాదు.

మూడు గంటలకు జీపులు వచ్చాయి. జగ్గమ్మ మేడ కనబడే తన అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. వీధంతా బయటికొచ్చింది. కాసేపటికి హైమను మెట్ల మీదనుంచి దింపారు. ఎవరో ఆడమనిషి, "ఓలమ్మో, హైమే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాయగడలో కాపురం చేస్తున్న పిల్ల మెట్లు దిగుతోంది. ఇరవై ఏళ్ల మనిషి పద్నాలుగేళ్లదానిలా ఉంది. కుండ కింద మొలిచిన గడ్డిలా తెల్లగా పాలిపోయి ఉంది. ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఎండకు కళ్లు తెరవలేకపోతోంది.

"మొగుడు వదిలేస్తే మల్లీ సేరదీశాం. పరువు పోతాదని బైటికి సెప్పలేదు. దాన్నే అడగండి!" అంది పద్మకుమారి. ఎంత ఏడిస్తే అంత నిజమైనట్టు ఏడుస్తోంది.

అడిగారు. హైమ పద్మకుమారి వైపే చూస్తూ, "బాగానే ఉన్నాను. పిన్ని బాగా సూస్తాది," అంది.

వీధి ఊపిరి వదిలింది. "పెంచినందుకు ఏకు మేకై కూర్చుందంటే ఇదే. పోలీసుల్దాకా తెచ్చింది," అన్నాడెవడో. ఎమ్మార్వో ఆఫీసునుంచి వచ్చిన అధికారి రేఖ మొహం చూశాడు. పద్మకుమారి చూపు వీధంతా వెతుక్కుంటూ వచ్చి జగ్గమ్మ దగ్గర ఆగింది.

రేఖ తొణకలేదు. "ఈ ఇంట్లో, వీళ్లముందు చెప్పిన మాట మాకు చాలదండి. విడిగా అడుగుతాం," అని, హైమను నడిపించుకుని ఆ వీధిలోనే ఉన్న సంఘం వరండా వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

అరగంట గడిచింది. ఒకసారి రేఖ బయటికొచ్చి మంచినీళ్లు తీసుకెళ్తూ, జగ్గమ్మ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. పిల్ల నోరు విప్పటం లేదు.

జగ్గమ్మ పేరు ఎక్కడా రాలేదు. రాదు కూడా. అరుగు మీద అలాగే కూర్చుంటే ధర్మేంద్ర బండి ఉంటుంది, కొత్త బండీ వస్తుంది. హైమ మళ్లీ ఆ మెట్లు ఎక్కుతుంది. జగ్గమ్మ స్తంభం పట్టుకుని లేచింది. వీధి మధ్యలోకి నడిచింది.

"జగ్గమ్మా! ధర్మేంద్రని గుర్తుపెట్టుకో!" అని అరిచింది పద్మకుమారి.

"ఆడు మగోడు. ఎక్కడైనా బతుకుతాడు," అంది జగ్గమ్మ. నిజంగా బతుకుతాడో లేదో ఆమెకు తెలియదు. ఆగకుండా వెళ్లి తలుపు తోసింది.

హైమ గోడ మూల కింద కూర్చుని ఉంది. జగ్గమ్మ ఎదురుగా చతికిలబడి, గుడ్డ కట్టిన ఆ చేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకుని కట్టు విప్పింది. అరచెయ్యీ నాలుగు వేళ్లూ కాలి, బొబ్బలు చితికి ఉన్నాయి. ఆ వేళ్లతోనే ఆ నాలుగు రోజులూ పోగు లాగించారు.

"పురి మార్సమన్నారు," అంది హైమ. అంతసేపటికి వచ్చిన మొదటి మాట అది.

జగ్గమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. హైమ ఏడవలేదు. కళ్లార్పకుండా చూస్తోంది.

"నూలు నీకాడికే వస్తాదని తెలుసత్తా. నీ ఏళ్లకి తెలీకపోదని తెలుసు. పెతీ శనోరం సెప్తానే ఉన్నాను కదా. నువ్వు రాలేదు."

జగ్గమ్మ విప్పిన కట్టుగుడ్డను మడత పెట్టింది.

"పెళ్లయిపోయిందని సెప్పీసినారని ఇన్నాను. మొగుడెవుడు, ఏ ఊరు అని ఎవులైనా అడుగుతారు, అప్పుడు బైటపడిపోద్ది అనుకున్నాను. రేకు కొట్టకముందు కిటికీలోంచి నిన్ను సూసేదాన్ని. నువ్వు తలొంచుకుని ఎల్లిపోయేదానివి. ఒక్కపాలి కూడా ఎందుకడగలేదత్తా?"

ఏం చెప్పాలి? నిజం ఒక్కటే ఉంది.

"పెళ్లికి పిలవలేదని కోపమొచ్చిందే," అంది జగ్గమ్మ.

రేఖ రాస్తున్న పెన్ను ఆగింది. హైమ అర్థం కానట్టు చూసింది. తర్వాత ఆమె గొంతులోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చింది. అది సగంలోనే ఏడుపైపోయింది. నాలుగేళ్ల ఏడుపు. జగ్గమ్మ ఆ తలను గుండెకు పొదువుకుని, "నాను పాపిష్టిదాన్నే, పాపిష్టిదాన్నే," అంటూ ఉండిపోయింది. ఆమె బొడ్లో ఫోన్ మోగింది. ధర్మేంద్ర ఫోన్ చేస్తే మోగే పాట అది. తియ్యలేదు.

ఆ తర్వాత హైమ చెప్పింది. గెడ గురించి, ఆధార్ కార్డు లాక్కోవడం గురించి, పొయ్యిలోంచి తీసిన అట్లకాడ గురించి. రేఖ పేజీలు తిప్పుతూ రాసుకుంది. చివరికి ఒక ప్రశ్న మిగిలింది.

"నిన్ను ఆ ఇంట్లో అప్పగించింది ఎవరమ్మా?"

హైమ జగ్గమ్మ వైపు చూసి, కళ్లు దించుకుంది. "తెల్దు," అంది.

రేఖ కూడా తలెత్తలేదు. ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్లిపోవడానికి ఆమెకూ అభ్యంతరం లేనట్టుంది. నీ పేరు ఎవరికీ చెప్పమని మాటిచ్చింది కదా. జగ్గమ్మ కాగితం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"తెల్దనకే అమ్మా. మీ అమ్మ పెద్దకర్మ నాడు నువ్వు సెయ్యి లాక్కోబోతే గట్టిగా పట్టుకున్నదెవులు? ఇన్నాళ్లూ నూలుతో సెప్పావు, నాను ఇనలేదు. ఇప్పుడు నోటితో సెప్పు. ఆవిడ రాసుకుంటాది."

హైమ ఆ ముడతలు పడిన వేళ్లకేసి చూసింది.

"జగ్గమ్మత్త," అంది.

నాలుగేళ్లలో ఆ పిల్ల నోరు తెరిచి తనవాళ్లమీద చేసిన మొదటి ఫిర్యాదు అది. రేఖ రాసింది. జగ్గమ్మ పెన్ను అడిగి తీసుకుని, ఆ పేరు కింద సంతకం పెట్టింది.